రేవులో నిలిచిపోయిన రాగి

రేవు పట్నంలో బంగారం నిలవదు, వెండీ నిలవదు. పిల్ల పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో అవసరం పడిన నాడు కురుపాం మార్కెట్టుకు వెళ్లి కరిగిపోతాయి. విదేశీ నోట్లు మారకం కౌంటరు దగ్గర రూపాయలైపోతాయి. రాగి చిల్లర మాత్రం ఎవరికీ అక్కర్లేదు. నోటు మార్చేవాళ్లు ఏ దేశపు నాణేలూ పుచ్చుకోరు. కరిగిద్దామంటే రెండు మూడు గ్రాముల రాగికి వచ్చేదేముంది? పారేద్దామంటే డబ్బును పారేయడానికి మనకు చేతులు రావు. అలా విశాఖ వన్‌టౌన్‌ ఇళ్లలో, పోర్టు ఉద్యోగుల ఇళ్లలో, పాత బిస్కట్ డబ్బాల అడుగున దేశదేశాల రాగి నిలిచిపోయింది. ఓడలు వెళ్లిపోయాయి, వాటి మీద వచ్చినవాళ్లు ఏనాడో పోయారు, వాళ్లిచ్చిన చిల్లర మన దగ్గర ఉండిపోయింది.

విశాఖ పోర్టు 1933లో తెరుచుకుంది. అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ లోపలికి వచ్చింది, డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ లాంఛనంగా ప్రారంభించాడు. అంతకుముందు ఓడలు సముద్రంలోనే లంగరు వేసుకునేవి, సరుకూ మనుషులూ పడవల మీద ఒడ్డుకు చేరేవారు. విజయనగరం వైపు గర్భాం గనుల్లో 1892 నుంచి తవ్విన మాంగనీసు ఐరోపా ఉక్కు కొలుములకు వెళ్లింది కూడా ఈ తీరం నుంచే. ఖనిజం అటు వెళ్లింది, చిల్లర ఇటు వచ్చింది. అందులో నాకు ఎక్కువ ఇష్టమైనవి జర్మన్ రాగి నాణేలు. ఒక్కొక్కటీ కూర్చుని చదవవలసినంత ఉంటుంది వాటి మీద.

మూడు తరాలుగా పోర్టులో పనిచేసిన కుటుంబం ఒకటి మా ఇంటికి అలాంటి నాణెం తెచ్చింది. తాతా మనవడూ వచ్చారు. మనవడు ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు, పాత నాణేనికి లక్షలిస్తామని అందులో ఎవరో చెబుతున్నాడు. “ఎంతొస్తాదండీ?” అన్నాడు కుర్రాడు. పెద్దాయన వాడి చెయ్యి పక్కకు తోసి, “మాస్టారూ, ఇదేటో సెప్పండి ముందు. రేటు సంగతి తర్వాత సూద్దాం” అన్నారు. ఆయన అడిగిన వరస నాకు ఎంతో నచ్చింది. నాణేల విషయంలో ఈ వరస తప్పినవాళ్లే మోసపోతారు. పాత నాణేలు కొంటామని, అమ్మిపెడతామని, ముందు కమిషనూ పన్నూ కట్టమని రిజర్వ్ బ్యాంకు పేరు చెప్పి డబ్బు గుంజుతున్నారని, అలాంటి లావాదేవీలతో తనకు ఏ సంబంధమూ లేదని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇవ్వవలసి వచ్చింది. ఆ ప్రకటన చూపిస్తే చదివి కుర్రాడి మొహం చిన్నబోయింది. పెద్దాయన మాత్రం నాణెం వైపే చూస్తున్నారు.

దాన్ని తెల్ల కాగితం మీద పెట్టి చూశాం. అడ్డంగా 20 మిల్లీమీటర్లు. ముదురు గోధుమ రంగు. ఒక పక్క 2 అంకె, దాని కింద ఫెన్నిగ్ అన్న మాట, చుట్టూ డాయిచెస్ రైష్ అని రోమన్ అక్షరాలు, 1906. రెండో పక్క రెక్కలు చాచిన గద్ద, నెత్తి పైన కిరీటం, రొమ్ము మీద డాలు. గద్ద తోక దగ్గర ఆవగింజంత అక్షరం ఒకటుంది. భూతద్దం పెడితే ‘జె’ అని తెలిసింది. ఇక అంచుకు దగ్గరగా, కిరీటానికి పైన, మేకుతో పొడిచినట్టు చిన్న చిల్లు. చిల్లు చుట్టూ రాగి నున్నగా అరిగి ఉంది. అంటే దారం చాలాకాలం ఆడింది అందులో.

గద్ద తలలు లెక్కపెట్టడం అన్నిటికన్నా ముందు చేయవలసిన పని. రెండు తలలుంటే ఆస్ట్రియాదో రష్యాదో అయి ఉండవచ్చు, ఒకటే తల ఉంటే జర్మనీ వైపు చూడాలి. గండభేరుండం మనకు కొత్త కాదు, విజయనగర అచ్యుతరాయల బంగారు నాణేల మీద రెండు తలల పక్షి ఏనుగులను పట్టుకుని కనిపిస్తుంది. మన కంటికి ఆ తేడా చప్పున ఆనుతుంది.

ఆ ‘జె’ అక్షరం హాంబర్గ్ టంకశాలది. జర్మనీలో నాణేలన్నీ ఒక్కచోట ముద్రించలేదు. బెర్లిన్‌కు ‘ఎ’, మ్యూనిక్‌కు ‘డి’, స్టుట్‌గార్ట్‌కు ‘ఎఫ్’, కార్ల్‌స్రూహెకు ‘జి’ గుర్తులు. రేవు పట్నంలో పుట్టిన నాణెం రేవు పట్నానికే చేరిందని చెప్పగానే పెద్దాయన కళ్లు మెరిశాయి. జర్మన్ నాణేలను 1871 నుంచి వరసపెట్టి నమోదు చేసిన కుర్ట్ యేగర్ జాబితాలో ఈ రకానికి 11వ నంబరు. 1904 నుంచి 1916 దాకా ముద్రించారు. వంద పాళ్లలో 95 రాగి, 4 తగరం, 1 తుత్తునాగం. బరువు 3.33 గ్రాములు ఉండాలి. బంగారం కొట్టు త్రాసు మీద పెడితే అరుగుదలా చిల్లూ పోను కాస్త తగ్గింది, అది సహజమే.

ఇక్కడ అయస్కాంతం సంగతి చెప్పాలి. 1948 నుంచి పశ్చిమ జర్మనీలో తిరిగిన 1 ఫెన్నిగ్ బిళ్ల చూడటానికి రాగే, లోపల అంతా ఉక్కు. అయస్కాంతం చూపగానే అతుక్కుంటుంది. పాతదనుకుని ఆశపడిన చాలా బిళ్లలు ఈ ఒక్క పరీక్షతో తేలిపోతాయి. తూర్పు జర్మనీవి అల్యూమినియంవి, వాటితో తికమక లేదు. మార్కు నాణేలను జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ ఇప్పటికీ గడువు లేకుండా యూరోలకు మారుస్తుంది, యూరోకు 1.95583 మార్కుల లెక్కన. రెండు వందల ఫెన్నిగులు పోగుచేస్తే ఒక యూరో దాటుతుంది. 1906 నాటి మన బిళ్లకు ఆ హక్కు లేదు.

ఇంతకంటే పాతవి చేతికొస్తే పని కష్టమవుతుంది, ఇష్టమూ పెరుగుతుంది. 1871కి ముందు జర్మనీ అనే ఒక దేశం లేదు. నలభైకి దగ్గరగా రాజ్యాలూ స్వతంత్ర నగరాలూ ఉండేవి, సొంత నాణేలు వేసుకునేవి. నైజాం రాజ్యంలో హాలీ సిక్కా, సరిహద్దు దాటితే కంపెనీ రూపాయి చూసిన మన పెద్దలకు ఇది వింతగా ఉండదు. ఆ రాజ్యాల్లో పెద్దదైన ప్రష్యా రాగి నాణెం మీద ‘120 ఐనెన్ థాలర్’ అని ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని నూట ఇరవై థాలర్ల నాణెమనుకుని పొంగిపోతారు. అది చెప్పేది వేరు: ఇలాంటివి 120 కలిస్తే ఒక వెండి థాలర్. కింద 3 అనే అంకె ఉంటుంది, అది మూడు ఫెన్నిగుల బిళ్ల. ఒక ఫెన్నిగ్ బిళ్ల మీద 360 ఉంటుంది.

ఈ లెక్క మొదటిసారి చదివినప్పుడు నాకు మన నాణెమే గుర్తొచ్చింది. 1794లోనూ 1797లోనూ ఈస్టిండియా కంపెనీ ఉత్తర సర్కారుల కోసం, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా ఉన్న మన తీరం కోసమే, ప్రత్యేకంగా రాగి నాణేలు చేయించింది. బర్మింగ్‌హామ్ దగ్గర సోహోలో మాథ్యూ బౌల్టన్ తన ఆవిరి యంత్రాల మీద వాటిని ముద్రించి ఓడలకెక్కించాడు. వాటి మీద కూడా ఇదే పద్ధతి: 48 కలిస్తే ఒక రూపాయి, చిన్నదైతే 96 కలిస్తే ఒక రూపాయి. ప్రష్యా వాళ్లూ కంపెనీ వాళ్లూ ఒకే కారణానికి ఆ మాట రాయించారు. వెండి నాణెం విలువ దాని వెండిలోనే ఉంటుంది. రాగి బిళ్లలో అంత రాగి ఉండదు, దాని విలువ మాట మీద నడుస్తుంది. ఆ మాటను నాణెం మీదే అచ్చువేసి ఇచ్చారు. బీదవాడి చేతిలో పడే డబ్బు మీదే ఇంత వివరంగా హామీ రాయవలసి వచ్చిందంటే, అంతకుముందు ఆ డబ్బు అతన్ని ఎంత మోసం చేసి ఉండాలి!

ఇంకొక సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. ఆ నాణేల మీద ఉన్న 1794వ ఏడాదే, జులై 10న, పేష్కషు (కప్పం) బాకీల తగువులో కంపెనీ సైన్యం విజయనగరం రాజు పూసపాటి చిన విజయరామరాజును పద్మనాభంలో చంపింది. విశాఖకు ఎంతో దూరం లేదు పద్మనాభం. ఆ రాగి బిళ్ల ఎప్పుడు నా చేతికి వచ్చినా ముందు ఆ పద్మనాభం కొండే కళ్ల ముందుకు వస్తుంది.

భీమిలి వైపు నుంచి వచ్చే రాగిలో మరొక తికమక ఉంది. సింహం ముద్ర, ఏదో యూరోపు రాజచిహ్నం చూసి జర్మనీదేమో అని తెస్తారు. తిరగేస్తే వి, ఓ, సి అక్షరాలు ఒకదానిలో ఒకటి అల్లుకుని ఉంటాయి. అది డచ్చి ఈస్టిండియా కంపెనీ వారి డ్యూట్. డచ్చివాళ్లు భీమునిపట్నాన్ని 1825లో ఇంగ్లీషు వారికి అప్పజెప్పి పోయారు, వాళ్ల సమాధులు అక్కడ ఇంకా ఉన్నాయి.

జర్మన్ రాగి మన వైపు రావడానికి రేవుకొచ్చే ఓడవాళ్లొక్కరే దారి కాదు. రెండో దారి మిషనరీలు. ష్లెస్విగ్-హోల్‌స్టైన్‌లోని బ్రెక్లుమ్ నుంచి బోట్‌మన్, పోల్ అనే ఇద్దరు లూథరన్ మిషనరీలు 1882లో జయపురం సంస్థానానికి వచ్చారు. కొరాపుట్, సాలూరు వాళ్ల కేంద్రాలయ్యాయి. 1914లో యుద్ధం మొదలయ్యాక జర్మన్ మిషనరీల్ని ప్రభుత్వం నిర్బంధించింది, అప్పటికి ఆ దారి మూసుకుపోయింది.

మూడో దారి ఆఫ్రికా. మనవాళ్లకు ఇది తెలియాలని నాకు గట్టిగా ఉంది. ఇప్పటి టాంజానియాలో చాలా భాగం అప్పట్లో జర్మన్ తూర్పు ఆఫ్రికా. అక్కడికి జర్మన్లు వెళ్లేసరికే భారతీయ వర్తకుల వల్ల రూపాయి పాతుకుపోయి ఉంది. దాన్ని కదిలించలేక జర్మన్లు తామే రూపాయి ముద్రించుకున్నారు, కైజరు బొమ్మతో, రూపీ అన్న పేరుతో. 1890 నుంచి 1892 వరకు వచ్చిన వాళ్ల రాగి బిళ్ల పేరు పెసా. ఒక పక్క జర్మన్ గద్ద, రెండో పక్క అరబ్బీ రాత. 64 పెసాలు ఒక రూపీ. మన కానీ లెక్క కూడా అదే: అణాకు నాలుగు, రూపాయికి అరవై నాలుగు. 1904లో వాళ్లు లెక్క మార్చి రూపాయిని వంద హెల్లర్లు చేశారు. మనం నయాపైసలతో రూపాయిని వంద ముక్కలు చేసింది 1957 ఏప్రిల్ 1న. అంటే రూపాయికి వంద అనే లెక్క జర్మన్ల చేతిలో మనకంటే 53 ఏళ్ల ముందే నడిచింది! కిరీటం, దాని కింద సంవత్సరం, వెనక ఆకుల దండలో 1 హెల్లర్ అని ఉన్న కంచు బిళ్ల ఎవరి ఇంట్లోనైనా కనిపిస్తే అది ఐరోపాలో తిరిగిన డబ్బు కాదని గుర్తుంచుకోండి. 1914 నవంబరులో టాంగా రేవు దగ్గర జరిగిన పోరులో మద్రాసు ప్రెసిడెన్సీ దళాలు కూడా దిగాయి. సిపాయి జేబులో ఇలాంటి బిళ్లలు ఇంటికి రావడం కష్టమేమీ కాదు. యుద్ధంలో సముద్రం దారి మూసుకుపోయాక 1916లో టబోరాలోని రైల్వే వర్క్‌షాపులోనే జర్మన్లు 20 హెల్లర్ల నాణేలు కొట్టుకున్నారు. ఎక్కువ ఇత్తడివి, కొన్ని రాగివి. వంకరటింకర అంచులు, మొరటు ముద్ర. నా కంటికి బెర్లిన్ నునుపు కంటే ఆ మొరటుతనమే బాగుంటుంది.

అదే ఏడాది జర్మనీలో కూడా రాగి ఫెన్నిగ్ ఆగిపోయింది. రాగి ఫిరంగి గుళ్లకు కావలసి వచ్చింది, ఫెన్నిగ్ అల్యూమినియంకు దిగింది. రెండో యుద్ధంలో మనకూ అదే జరిగింది. 1943 నుంచి వచ్చిన చిల్లుకానీ లోహం పొదుపు కోసం పుట్టిందే.

ఇక ధర. పెద్దాయన అడగలేదు, మనవడి కోసం నేనే చెప్పాను. 1906 నాటి రెండు ఫెన్నిగుల బిళ్లలు లెక్కకు మించి ముద్రించారు. అరిగినవి జర్మనీ నాణేల సంతల్లో గిన్నెలో కుప్పగా పోసి అమ్ముతారు, యూరోకు లోపే. చిల్లు పడితే సేకరించేవాళ్లు ముట్టుకోరు. వయసుకూ ధరకూ సంబంధం చాలా తక్కువ. దాదాపు రెండు వేల ఏళ్ల నాటి సాతవాహనుల మామూలు నాణేలు కొన్ని వందల రూపాయలకు దొరుకుతాయి. రాగిది కాకపోయినా, 1950 నాటి 50 ఫెన్నిగుల బిళ్ల మీద ‘జి’ గుర్తుతో పాటు దేశం పేరుకు బదులు పాత కేంద్ర బ్యాంకు పేరు ఉంటే మాత్రం సేకర్తలు ఎగబడతారు. పేరు మార్చవలసిన సమయంలో కార్ల్‌స్రూహెలో ముప్ఫై వేలే అలా పడ్డాయి. ఏడాది, టంకశాల అక్షరం, అరుగుదల, ఈ మూడూ కలిసి ధర కడతాయి. విడివిడిగా ఏదీ కట్టదు.

అరుగుదల గురించి బజారుతో నాకు పాత తగువు ఉంది. టంకశాల నుంచి వచ్చిన ఎరుపు పోకుండా, ఎవరి చేతిలోనూ పడకుండా, పెట్టెలో ఉండిపోయిన రాగి నాణేనికి ఎక్కువ ధర. చేతులు మారి, బియ్యానికీ ఉప్పుకూ ఖర్చయి, గద్ద ఈకలు అరిగిపోయిన నాణేనికి ఏమీ లేదు. నాణెం పుట్టింది చేతులు మారడానికి. తన పని చక్కగా చేసినదానికి తక్కువ, అసలు చేయనిదానికి ఎక్కువ. సేకరించేవాళ్ల న్యాయం నాకు అర్థమవుతుంది. అరగని నాణెం మీద ముద్ర వేసిన వాడి పనితనం పూర్తిగా కనిపిస్తుంది, అలా మిగిలేవీ తక్కువే. కానీ నేను ఏరుకోమంటే అరిగినదాన్నే ఏరుకుంటాను. ఎంతమంది నమ్మి పుచ్చుకున్నారో ఆ అరుగుదల చెబుతుంది. ధర తక్కువ పలకడానికి కారణమైనదే నాకు దాని మీద గౌరవం పెంచింది.

దయచేసి తోమకండి. మన ఇళ్లలో రాగి చెంబు పండక్కి చింతపండుతో తోమి తళతళలాడించడం అలవాటు. అదే చెయ్యి నాణెం మీద పడితే వందేళ్లు పట్టి ఏర్పడిన గోధుమ పొర ఒక్క నిమిషంలో పోతుంది, కింద పాలిపోయిన గులాబీ రంగు తేలుతుంది. ఆ పొర నాణేనికి రక్ష. అది పోయిన నాణేన్ని తెలిసినవాడు దూరం నుంచే గుర్తుపడతాడు. ఈ ఊరి ఉప్పుగాలికి పట్టే చిలుము వేరు. గట్టిగా నున్నగా ఉన్న ముదురు ఆకుపచ్చ చిలుము అయితే వదిలేయవచ్చు. లేత ఆకుపచ్చ పొడిలా రాలుతుంటే ఉప్పు లోపలికి దిగి రాగిని తింటున్నదని అర్థం. ఆ బిళ్లను మిగతావాటి నుంచి వేరు చేసి, తేమ తగలకుండా ఉంచాలి. మెత్తటి ప్లాస్టిక్ కవర్ల కంటే కాగితం కవరు మేలు. అంచులు పట్టుకోవాలి, ముఖం మీద వేలు పెట్టకూడదు.

చట్టం మాట కూడా. నూరేళ్లు దాటిన నాణెం 1972 నాటి చట్టం ప్రకారం పురావస్తువు, దేశం దాటించకూడదు. భూమిలో దొరికినదైతే 1878 నాటి నిధినిక్షేపాల చట్టం కింద, పది రూపాయల విలువ దాటితే చాలు, కలెక్టరుకు తెలపాలి.

ఇక ఆ చిల్లు సంగతి. అది ఎవరు పెట్టారో పెద్దాయనే చెప్పారు. ఆయన తండ్రి రేవులో కొత్తగా పనికి కుదిరిన రోజుల్లో ఒక ఓడవాడు ఇచ్చాడట. ఇంట్లో పుట్టిన పిల్లకు దిష్టి తగలకుండా మొలతాడుకు కట్టారు. ఆ పిల్ల పెద్దాయనకు అక్క. ఆ తర్వాత ఆయనకూ కట్టారు, ఆయన తమ్ముడికీ కట్టారు. చిల్లు పెట్టింది వీధి చివరి కంసాలి. హాంబర్గ్ టంకశాల దాన్ని రెండు ఫెన్నిగులకు ముద్రించింది, వన్‌టౌన్ కంసాలి దానికి ఇంకో కొలువు ఇచ్చాడు. యేగర్ జాబితాలో ఆ కొలువుకు గడి లేదు. ఎవరి మొలకు కట్టారో తెలియని నాణెమైతే నాకూ అది చిల్లుపడిన బిళ్లగానే మిగిలేది. తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని చెప్పడం వల్ల అదే చిల్లు ఆ నాణెం మీద నాకు అన్నిటికన్నా చదవదగ్గ ముద్ర అయింది.

ఓడ పేరేమిటని అడిగాను. తండ్రి ఒకటికి రెండుసార్లు చెప్పాడట గానీ పెద్దాయనకు చివరి ముక్కే గుర్తుంది, “...ఫెల్స్” అని. ఆ ముక్క చాలు, దారి దొరికింది. బ్రెమెన్‌లో 1881లో పుట్టిన హన్సా కంపెనీ తన ఓడలకు వరసగా ‘ఫెల్స్’తో ముగిసే పేర్లు పెట్టేది. వాళ్ల ఓడలు మద్రాసు, కలకత్తా తిరిగేవి. రెండో యుద్ధంలో గోవా రేవులో చిక్కుకుని 1943 మార్చిలో సొంత సిబ్బంది చేతుల్లోనే మునిగిపోయిన ఎహ్రెన్‌ఫెల్స్, ద్రాఖెన్‌ఫెల్స్, బ్రౌన్‌ఫెల్స్ ఆ కంపెనీవే. నేను పేర్లు ఒక్కొక్కటే చదువుతూ పోయాను, పెద్దాయన తల అడ్డంగా ఊపుతూ విన్నారు. కుర్రాడు ఫోన్‌లో వీడియో మూసేసి ఆ కంపెనీ ఓడల జాబితా వెతకడం మొదలుపెట్టాడు.

నాణెం ఉంచే కాగితం కవరు మీద ఆ రోజే రాయించాను: రెండు ఫెన్నిగులు, హాంబర్గ్, 1906, యేగర్ 11. దాని కింద పెద్దాయన చెబుతుంటే మనవడు రాశాడు, తండ్రి పేరు, అక్క పేరు, తమ్ముడి పేరు. ఓడ పేరు దగ్గర ముందు కాస్త ఖాళీ వదిలి ‘ఫెల్స్’ అని రాశాడు.